ఆటల కంప్యూటరుకు ఏ భాగాలు కొనాలి?

లాల్‌గడి మలక్‌పేట్‌లో యాదగిరి అనే కుర్రవాడు ఉన్నాడనుకోండి. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. కారు పందేల ఆటలంటే వాడికి ప్రాణం. పరీక్షలు బాగా వ్రాస్తే కంప్యూటరు కొనిపెడతానని వాళ్ళ నాన్న మాట ఇచ్చి, పాల డబ్బులోంచి నెలనెలా కొంత తీసి 60,000 రూపాయలు కూడబెట్టాడు. మానిటరు కొనక్కరలేదు, మేనమామ తాను వాడినది ఇచ్చాడు. మిగతా భాగాలన్నీ విడివిడిగా కొని ఇంట్లోనే బిగించుకోవాలని యాదగిరి కోరిక.

వాడు వ్రాసుకున్న చీటీలో ఇవి ఉన్నాయి: ఎనిమిది కోర్ల ప్రాసెసరు, 16 జి.బి. ర్యామ్ ఒకే స్టిక్కుగా, రంగురంగుల దీపాలు వెలిగే అద్దాల క్యాబినెట్టు, దానితోబాటు ఉచితంగా వచ్చే పవర్ సప్లయి, చివరకు మిగిలిన డబ్బుతో ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు.

“బాగానే ఉన్నదే!” అంటారా? ఈ చీటీ ప్రకారం కొంటే వాడి పందెపు కారు తెరమీద ఎడ్లబండిలా కదులుతుంది. ఎందుకో చూద్దాం.

తెరమీద కనిపించే బొమ్మ నిజానికి చుక్కల ముగ్గు వంటిది. మేనమామ ఇచ్చిన మానిటరులో అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080 చుక్కలు ఉన్నాయి. గుణించి చూడండి. 20,73,600 చుక్కలు! ప్రతి చుక్కకూ ఏ రంగు వెయ్యాలో కంప్యూటరు లెక్క కట్టాలి. అదైనా ఒక్కసారి కట్టి ఊరుకుంటే చాలదు. కారు పరుగెత్తుతున్నట్టు మన కంటికి నునుపుగా కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలు గియ్యడం మంచిది. అంటే సెకనులో 12 కోట్ల 44 లక్షల 16 వేల చుక్కలు! ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు మాత్రమే.

ఇంత పని ఎవరు చేస్తారు? మీరు వరినాట్లు చూచే ఉంటారు. మడిలో నీరు ఎంత నిలపాలో, ఏ మూల మొదలుపెట్టాలో ఆలోచించి చెప్పేది ఒక పెద్దమనిషి. వంగి నాటేది పాతికమంది. ఆ పెద్దమనిషి ఎంత అనుభవం గలవాడైనా, ఎకరం పొలం తానొక్కడే నాటబోతే నారు ముదిరిపోతుంది. కంప్యూటరులో ప్రాసెసరు ఆ పెద్దమనిషి. ఎదుటి కారు ఎటు తిరగాలి, గుద్దుకుంటే ఏమవుతుంది అన్నవి అతడు తేల్చే సంగతులు. చుక్కలకు రంగులు నాటే కూలీల బృందం గ్రాఫిక్స్ కార్డు. 2017లో వచ్చిన జీఫోర్స్ జీటీ 1030 అనే చిన్న కార్డులో ఇటువంటి లెక్కల కూలీలు 384 మంది. 2021లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600లో 1792 మంది. ఒక కంపెనీ కూలీనీ మరొక కంపెనీ కూలీనీ సరిసమానంగా పోల్చరాదు కాని, బృందాల పెద్ద చిన్నలు మీకు తెలిసిపోయాయి గదా! యాదగిరి తన డబ్బంతా పెద్దమనిషికి పోసి, నాటడానికి నలుగురిని పెట్టుకోబోతున్నాడు.

అందుచేత ఆటల కంప్యూటరుకు డబ్బు లెక్క కార్డుతో మొదలు కావాలి. మొత్తంలో మూడో వంతుకు కొంచెం మించినా ఫరవాలేదు. ప్రాసెసరు ఆరు కోర్లది చాలు. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 అటువంటిది. అలాగని కార్డు ఘనంగా కొని ప్రాసెసరు మరీ పాతది పెట్టినా లాభం లేదు. నారు అందించేవాడు లేక కూలీలు గట్టుమీద కూర్చుంటారు.

చవక కార్డంటే తీసిపారేసినది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో పై చదువు చదివిన మన తెలుగువాడు రాజా కోడూరి 2015లో ఏ.ఎం.డి. కంపెనీ రేడియాన్ విభాగానికి అధిపతి అయ్యాడు. మరుసటి సంవత్సరం జూన్ నెలలో ఆ విభాగం ఆర్‌ఎక్స్ 480 అనే కార్డును విడుదల చేసింది. 4 జి.బి. రకం ధర 199 డాలర్లు. అందరికన్న వేగం గల కార్డు చెయ్యాలని కాక, మామూలు సంసారులు కొనగల కార్డు చెయ్యాలని పూనుకుని చేసినది అది.

అయితే దానికి ఒక చిక్కు వచ్చింది. మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే స్లాటు 75 వాట్ల కరెంటు ఇవ్వడానికి ఏర్పాటైనది. కొత్త కార్డు అంతకు మించి లాగుతున్నదని పరీక్షించినవాళ్ళు పట్టుకున్నారు. 2016 జూలైలో కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి, ఆ భారాన్ని తగ్గించింది. అంత పెద్ద కంపెనీకే కరెంటు లెక్క దగ్గర జాగ్రత్త అవసరమైనప్పుడు, పవర్ సప్లయి ఉచితంగా వస్తున్నదని యాదగిరి సంతోషించవచ్చునా?

ఆ డబ్బా చేసే పని వినండి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏ.సి.ని ముఖ్యంగా 12 వోల్టుల డి.సి.గా మార్చి, కంప్యూటరులోని ప్రతి భాగానికీ అన్నం పెట్టేది అదే. అది నాసిరకమైతే, వోల్టేజి ఎగిరిపడిన నాడు తాను ఒక్కటే కాలదు, పక్కన ఉన్న కార్డునూ, బోర్డునూ వెంట తీసుకుపోగలదు. మూడేళ్ళ పాల డబ్బు ఒక్క క్షణంలో పొగ!

అందుకని డబ్బామీద పెద్ద అక్షరాలతో ఉన్న అంకెను నమ్మక, అతికించిన పట్టిక చదవండి. 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చూచి గుణించండి. 37 ఆంపియర్లయితే 444 వాట్లు. పైన “450” అని ఉండి, ఈ వరుసలో 18 మాత్రమే ఉంటే 216 వాట్లే! ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు కావాలి. 65 వాట్ల తరగతి ప్రాసెసరు పని ఎక్కువైతే దానికి కొంత మించి తీసుకుంటుంది. బోర్డూ, ఫ్యాన్లూ కలిపితే 250 దగ్గరకు పోతుంది. పేరున్న కంపెనీది, “80 ప్లస్” గుర్తు గలది, 450 నుండి 550 వాట్ల వరకు ఉన్నది తీసుకోవాలి. దీపాల క్యాబినెట్టు మానేస్తే ఆ డబ్బు ఇక్కడికి వస్తుంది. గాలి ధారాళంగా ఆడే ఇనుప జాలీ పెట్టె చాలు. ఇంట్లో మూడు రంధ్రాల ప్లగ్గుకు ఎర్త్ నిజంగా ఉన్నదా అన్నది ఎలక్ట్రీషియనుకు చూపించండి. ఈ మాట పెద్దవాళ్ళకు.

ర్యామ్ సంగతి. 16 జి.బి. ఒకే స్టిక్కుగా కాక 8 జి.బి.వి రెండు కొంటే, ప్రాసెసరుకు రెండు దారులు తెరుచుకుంటాయి. డి.డి.ఆర్.4 3200 రకంలో ఒక దారిలో సెకనుకు 25.6 జి.బి. పోతే, రెండిటిలో 51.2 జి.బి. పోతుంది. 2025 చివరి నెలల్లో ఏ.ఐ. కేంద్రాలు మెమొరీని విపరీతంగా కొనడంవల్ల దాని ధరలు బాగా పెరిగాయి. కనుక పాత ధరలు చూచి చీటీ వ్రాయకండి. డి.డి.ఆర్.4 స్టిక్కు డి.డి.ఆర్.5 బోర్డులో దూరదు, గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే విరుగుతుంది. నిలవకు ఎస్.ఎస్.డి. చాలు.

ఇక కొనుగోలు. లాల్‌గడి మలక్‌పేట్ నుండి శామీర్‌పేట రోడ్డెక్కి, హకీంపేట, తిరుమలగిరి దాటి జూబిలీ బస్ స్టేషనులో దిగితే, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఎంతో దూరం కాదు. సి.టి.సి. అంటే అందరికీ తెలుసు. అంతస్తుల నిండా కంప్యూటరు దుకాణాలే. మొదటి దుకాణంలోనే డబ్బు తియ్యకుండా, అదే చీటీ నాలుగుచోట్ల చూపించి ధరలు వ్రాయించుకోండి. బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం. వాడిన కార్డు కొనేట్టయితే ఎదురుగా ఆట ఆడించి, ఒక పావుగంట చూచాకే బేరం.

దుకాణంవాడు ఇంటెల్ ప్రాసెసరు చూపితే పేరు చివర “ఎఫ్” అక్షరం ఉన్నదేమో చూడండి. ఉంటే దానిలో గ్రాఫిక్స్ లేదన్నమాట. కార్డు వచ్చేనెల కొందాములే అనుకుని ఇంటికి తెస్తే, తెర నల్లగా ఉండిపోతుంది. రైజెన్ 5 5600 కూడా ఇంతే. కార్డుకు ఇప్పుడే డబ్బు చాలకపోతే 5600జి వంటిది తీసుకోవచ్చు. దానిలో చిన్న గ్రాఫిక్స్ కలిసే ఉంటుంది. చిన్న ఆటలు నడుస్తాయి, కార్డు తరవాత గుచ్చుకోవచ్చు. నన్నడిగితే, అప్పు చేసి పెద్ద కార్డు కొనడంకన్న ఇదే నయం.

“ఇంత డబ్బు ఆటకేనా?” అని యాదగిరి నాన్న అడగకపోడు. ఆ ఊరి చుట్టుపక్కలే జీనోమ్ వ్యాలీ ఉన్నది. ప్రోటీను అణువులు ఎలా మడతపడతాయో, ఎలా కదులుతాయో లెక్క కట్టే శాస్త్రజ్ఞులు వాడేవి ఈ జాతి కార్డులే. వేలకొద్దీ చిన్న లెక్కలు ఒకేసారి చెయ్యవలసిన పని ఎక్కడున్నా ఆ కూలీల బృందం పనికివస్తుంది.

కరెంటు బిల్లు సంగతి కూడా ఆయన అడుగుతాడు. ఆట నడుస్తుండగా 250 వాట్లు ఖర్చయితే, నాలుగు గంటలకు 1000 వాట్ గంటలు, అనగా ఒక యూనిట్. రోజుకు ఒక గంట ఆడితే నెలకు ఎన్ని యూనిట్లో మీరే కట్టండి. యాదగిరి మాత్రం ఈ లెక్కను రోజుకు అరగంట చొప్పున వేసి వాళ్ళ నాన్నకు చూపించాడట!