జీతము చెప్పరాని రహస్యమా?

ఉదయమున చిల్కానగర్ వీధులలో బడులకు పోవు పంతులమ్మలు ఎందరో కనబడుదురు. ప్రభుత్వ పాఠశాలలో స్థిరోద్యోగము చేయు నామె జీతమెంతో వేతన సవరణ ఉత్తర్వు చూచిన ఎవరికైనను తెలియును. ప్రైవేటు పాఠశాలలో అదే పాఠము చెప్పు నామె జీతము పక్క తరగతి మాష్టారికి సైతము తెలియకపోవచ్చును.

సమాన పనికి సమాన వేతనమనునది మనకు క్రొత్త మాట కాదు. రాజ్యాంగము 39వ అధికరణములో దానిని ఆదేశసూత్రముగా నిలిపినది. 1976లో చట్టము వచ్చినది. దాని స్థానమున 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అయినను, తోటివాని జీతమెంతో తెలియనిదే తనకు తక్కువ ముట్టినదని ఎట్లు నిరూపింపవలెను? చట్టము హక్కునిచ్చినది గాని దానిని చూచుకొను దీపము నీయలేదు.

ఐరోపా సమాఖ్య ఆ దీపమును వెలిగింప బూనినది. 2023 నాటి ఆదేశము ననుసరించి, ఉద్యోగార్థికి జీతపు పరిమితిని ముందే తెలుపవలెను; పాత జీతమెంతయని అడుగరాదు; సమానమైన పని చేయు స్త్రీపురుషుల సగటు జీతములను తెలిసికొను హక్కు ఉద్యోగికి ఉండవలెను. సభ్యదేశములకు 2026 జూన్ 7 గడువు.

జీతములు బయటపడిన అసూయ పెరుగునని కొంద రందురు. ప్రభుత్వ పాఠశాలలలో అందరికి తెలిసిన జీతములే గదా, పాఠములు ఆగినవా? న్యాయమైన తేడాకు కారణము చెప్పవచ్చును. చెప్పరాని తేడాయే చీకటిని కోరును.

ఉపాధ్యాయ మిత్రులారా! పిల్లలకు లెక్కలు నేర్పు మనమే మన లెక్క అడుగుటకు జంకిన, వారికి న్యాయమును ఏ ముఖముతో బోధింతుము?