శిశువిద్య – కార్మికోద్యమ బాధ్యత

వేతనాలు, కరవుభత్యం, పనిగంటలు, పదోన్నతులు – ఈ విషయాలకు అలవాటుపడిన మన పాఠకులకు శిశువిద్యపై సంపాదకీయం వింతగా తోచవచ్చును. కాని రాత్రి డ్యూటీకి బయలుదేరే బుకింగ్ గుమాస్తాకు, పట్టాల వెంట పనిచేసే మహిళా ట్రాక్‌మన్‌కు, తెల్లవారుజామున సార్టింగ్ కార్యాలయానికి చేరుకోవలసిన తపాలా ఉద్యోగికి ఇంటివద్ద ఆరేండ్లలోపు బిడ్డ ఉన్నట్లయితే, ఆ బిడ్డ ఎక్కడ, ఎవరి సంరక్షణలో, ఏమి చేస్తూ గడుపుచున్నదన్నది పని పరిస్థితులలో భాగమే. దానిని కుటుంబపు సొంత వ్యవహారమని పక్కన పెట్టుటకు వీలులేదు.

పసిబిడ్డ ప్రపంచాన్ని గ్రహించేది జ్ఞానేంద్రియాల ద్వారానే. ఈ సత్యం పుస్తకాలు చదివినవారి కంటె మన ఉద్యోగులకే బాగుగా తెలియవలెను. బండి నిలిచినప్పుడు చక్రాన్ని సుత్తితో తట్టి, ధ్వనిలోని తేడాను బట్టి పగులును పసిగట్టే నేర్పు రైల్వేలో తరతరాలుగా ఉన్నది. కీమన్ తన బీటులో నడుస్తూ వదులైన బోల్టును కంటితో, చేతితో గుర్తుపట్టును. రంగులను స్పష్టంగా గుర్తించలేనివారికి ఇంజను నడిపే ఉద్యోగమే లేదు. సార్టర్ వేళ్ళు ఉత్తరం మందాన్ని, బరువును తాకినంతనే అంచనా వేయును. ఈ నైపుణ్యాలకు మూలం ఇంద్రియాల శిక్షణ. ఆ శిక్షణ మొదలయ్యేది శిక్షణ కేంద్రాలలో కాదు, ఇంటి నేలపై పాకే వయస్సులో.

నీటిని ఒక గ్లాసునుండి మరొక గ్లాసులోకి ఒలకకుండా పోయుటకు ప్రయత్నించే బిడ్డ పరిమాణాన్ని నేర్చుకొనుచున్నది. చింతగింజలను, గవ్వలను వేరుచేసే బిడ్డ వర్గీకరణను నేర్చుకొనుచున్నది. పిండి పిసికే వేళ్ళకు రేపు బలపం పట్టే శక్తి అలవడును. తాకి, చూచి, విని, వాసన చూచి పోల్చుకొన్న కొద్దీ మెదడులో నాడీకణాల నడుమ సంబంధాలు బలపడును. మెదడు వికాసంలో 85 శాతానికి పైగా ఆరేండ్లలోపే జరుగుచున్నదని 2020 నాటి జాతీయ విద్యావిధానమే అంగీకరించినది. అయినను మన కాలనీల చుట్టూ వెలసిన ప్రైవేటు కాన్వెంట్లలో మూడేండ్ల బిడ్డను బల్లకు కట్టివేసినట్లు కూర్చుండబెట్టి, నోటు పుస్తకాలు నింపించుటయే చదువని చెలామణి అగుచున్నది. ఇందుకై ఉద్యోగి తన జీతంలో చెప్పుకోదగిన భాగాన్ని సమర్పించుకొనుచున్నాడు.

ఈ విద్యావిధానం సంపన్నుల విలాసమని కొందరి భావన. చరిత్ర అందుకు విరుద్ధంగా ఉన్నది. మరియా మాంటిస్సోరీ 1907 జనవరి 6న తన తొలి 'బాలల గృహా'న్ని ప్రారంభించినది రోము నగరంలోని సాన్ లొరెంజో అనే పేద కార్మికవాడలో. తల్లిదండ్రులు పనికి పోగా ఆలనాపాలనా లేని పిల్లలు గోడలను, మెట్లను పాడుచేయుచున్నారన్న ఫిర్యాదులే ఆ గృహానికి తక్షణ కారణం. అక్కడి కార్మికుల బిడ్డలకు ఆమె చిన్న పెద్ద ఘనాలను, నునుపు గరుకు పలకలను, ధ్వనినిచ్చే పెట్టెలను, గరుకు కాగితపు అక్షరాలను ఇచ్చినది. వేలితో అక్షరాన్ని తడిమిన పిల్లలు తమంతట తామే వ్రాయనారంభించిరి. నేడు వేలకువేలు రుసుము వసూలు చేసే బడులకు ఆమె పేరు తగిలించుట చరిత్రకు జరిగిన అపచారం.

మన దేశానికి ఈ భావాలు కొత్తవి కావు. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం స్థాపించి, దండన లేని చదువును ఆచరణలో చూపించెను. మాంటిస్సోరీ 1939లో మద్రాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. తారాబాయి మోడక్ మహారాష్ట్రలో ఖరీదైన పరికరాలకు బదులు గింజలు, ఆకులు, మట్టి, గులకరాళ్ళు ఉపయోగించి, పల్లె వాకిళ్ళలోనే శిశువిద్యను నడిపినది. నేటి 'అంగన్‌వాడీ' అనే పేరుకు మూలం అక్కడనే ఉన్నది. ఇక మన తెలుగునాట అక్షరాభ్యాసం నాడు బిడ్డ చూపుడువేలిని పట్టి బియ్యంలో అక్షరాలు దిద్దించుట, వీధిబడులలో ఇసుకపై వ్రాయించుట ఎరుగనివారెవరు? అచ్చనగాయలు, వామనగుంటలు ఆడిన చేతులకు లెక్క వేరుగా నేర్పవలసిన పని ఉండెడిది కాదు.

ఇంత తెలిసిన దేశంలో చట్టం మాత్రం పసివారి విషయమై వెనుకంజ వేసినది. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుండి 14 ఏండ్ల బాలలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసి, ఆరేండ్లలోపు వారిని 45వ అధికరణం క్రింద ఆదేశిక సూత్రాలకే వదలివేసినది. న్యాయస్థానంలో నిలదీసి అమలు చేయించుకొనుటకు వీలున్న హక్కు వేరు, ప్రభుత్వం 'ప్రయత్నించవలె'నన్న సూత్రం వేరు. ఈ భేదం ఉద్యోగసంఘాలకు వివరించి చెప్పనక్కరలేదు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం విస్తరించి, నేడు దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలుగా నిలిచినది. 2023లో ప్రభుత్వం 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టెను కూడ విడుదల చేసినది. పెట్టె మంచిదే. కాని దానిని తెరచి, బిడ్డ పక్కన కూర్చుండి, ఓర్పుతో గమనించవలసిన కార్యకర్త పరిస్థితి ఏమి? 2018 అక్టోబరులో నెలకు రూ. 4,500గా కేంద్రం నిర్ణయించినది జీతం కాదు, 'గౌరవ వేతనం'. పోషకాహార పంపిణీ, రిజిస్టర్లు, సర్వేలు ఆమె తలపైనే. వీరికి గ్రాట్యుటీ హక్కు కలదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చినది. 2023 డిసెంబరు 12 నుండి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సోదరీమణులు 42 రోజులు సమ్మె సాగించగా, ప్రభుత్వం వారిపై అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించినది. 1960లోను, 1968లోను అత్యవసర సేవల ఆర్డినెన్సులను ఎదుర్కొన్న రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ ఆయుధం కొత్తది కాదు. సేవ అత్యవసరమైనదైతే, ఆ సేవ చేయువారు ఉద్యోగులెందుకు కారు?

మన పని స్థలాలకు వత్తము. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండవలెనని, తల్లి రోజుకు నాలుగు పర్యాయములు బిడ్డను చూచి రావచ్చునని 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం నిర్దేశించినది. ఈ నిబంధనను 2020 సామాజిక భద్రతా స్మృతి సైతం నిలుపుకొన్నది. కాగితంపై ఉన్న ఈ హక్కును ప్రతి వర్కుషాపులో, పెద్ద స్టేషనులో, ప్రధాన తపాలా కార్యాలయంలో లెక్కించి చూడవలెను. కేంద్రం ఉన్నచోట కూడ తాళం వేసిన గది, ఒక ఊయల, ఒక ఆయా మాత్రమే ఉన్నచో అది లగేజి గది వంటిదే. సామానువలె బిడ్డను అప్పగించి, రసీదు చూపి తీసుకొనిపోవుటకు శిశుకేంద్రం ఎందుకు?

కావున మన శాఖలు స్పష్టమైన కోర్కెలను చర్చల పట్టికలోకి ఎక్కించవలెను. షిఫ్టు వేళలకు సరిపడునట్లు కేంద్రాలు తెరచి ఉంచుట. శిక్షణ పొందిన సిబ్బందిని క్రమమైన వేతనంపై నియమించుట. ఇసుక, నీరు, మట్టి, కొయ్య బొమ్మలతో ఆడుకొనుటకు చోటు కల్పించుట. ఒప్పంద కార్మికుల బిడ్డలను, గ్రామీణ డాక్ సేవకుల బిడ్డలను కూడ చేర్చుకొనుట. ఆరేండ్లలోపు శిశువిద్యను ప్రాథమిక హక్కుగా చేయుట. అంగన్‌వాడీ ఉద్యోగినుల పోరాటానికి మద్దతు ఈ కోర్కెలతో ముడిపడియే ఉన్నది. మన బిడ్డల తొలి గురువును ఆకలితో ఉంచి, మన బిడ్డలకు మంచి చదువును ఆశించలేము.

ఈ లోపల ప్రతి ఇంటిలో చేయగలిగిన పని ఒకటి కలదు. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి అరగంటసేపు బిడ్డతో కూర్చుండి, గింజలు ఏరించవచ్చును, నీరు పోయించవచ్చును, దూరాన పోయే బండి గూడ్సో పాసింజరో చప్పుడును బట్టి చెప్పించవచ్చును. ఈ పని తల్లి ఒక్కతెది కాదు. అయితే ఆ అరగంట దొరుకుటకు పనిగంటలపై పోరాటమే ఆధారం. ఎనిమిది గంటల పనిదినం కోరిన పెద్దలు మిగిలిన గంటలు ఎవరికొరకు కోరిరో మనం మరువరాదు. ఆ గంటలలో మన బిడ్డల వాటా ఉన్నది. దానిని రాబట్టి వారికి అప్పగించుట సంఘం విధి.