ఊరికే వెళుతున్నాం, ఏం?

మన భాషలో ‘ఊరికే’ అని ఒక చక్కని మాట ఉంది. దాన్ని మగవాళ్లు గుత్తకు తీసేసుకున్నారు. సాయంత్రం కాగానే చొక్కా తగిలించుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని గడప దాటుతారు. “ఎక్కడికండీ?” అంటే “ఊరికే, అలా తిరిగొస్తా” అంటారు. అంతే, ఇక ఎవరూ మారు మాట్లాడరు. అదే జవాబు ఇల్లాలిని చెప్పి చూడమనండి! ఇంట్లో అత్తగారి కనుబొమలు పైకి లేస్తాయి. వీధి మలుపు తిరక్కముందే, “ఎటు పోతున్నవ్ వదినా? ఏమన్న పని పడ్డదా?” అని ఒక పలకరింపు ఎదురవుతుంది. పని పడకపోతే ఆడదానికి వీధిలో ఏం పని అని అందులోని అంతరార్థం.

నా వాదం ఒక్కటే. పనేమీ లేకుండా కాసేపు బయట ఉండే హక్కు ఆడవాళ్లకు కావాలి. ఏడాది పొడుగునా కుదరదంటారా? సరే, ముందు వసంతకాలంతో మొదలుపెడదాం.

ఫాల్గుణం వచ్చిందంటే జనగామ మొదలు భూపాలపల్లి దాకా మన సీమ ముఖమే మారిపోతుంది. నిన్నటిదాకా మోడుల్లా నిలబడ్డ మోదుగలు ఆకన్నది లేకుండా ఎర్రగా పూస్తాయి. జనగామ చెలకల గట్ల మీద వేపలు లేత చిగురు తొడిగి ఉగాదికి పూతకొస్తాయి. మహబూబాబాద్ దాటి గూడూరు, కొత్తగూడ వైపు అడవిలోకి వెళితే తెల్లారేసరికి ఇప్పచెట్ల కింద పువ్వు రాలి ఉంటుంది. ఈ వైభవమంతా ఏ వేళకనుకున్నారు? సరిగ్గా మనం పిల్లల పరీక్షలు, ఏడాదికి సరిపడా కారం, చింతపండు, వడియాలు ముందేసుకుని కూర్చునే వేళకు! హోళీకి మోదుగపూలు మరగబెట్టి రంగు తీయడం చాలామందికి తెలుసు. నిండా పూసిన ఆ చెట్టు కింద పది నిమిషాలు నిలబడ్డ ఇల్లాళ్లు ఎందరున్నారో చెప్పండి. బస్సు కిటికీలోంచి చూసింది లెక్కలోకి రాదు సుమా!

“అదేమిటమ్మా, పొలాల నిండా ఆడవాళ్లే కదా, బయట లేకపోవడమేమిటి?” అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే. మహబూబాబాద్ పల్లెల్లో మిరపకాయ ఏరేది ఆడవాళ్లే. సాయంత్రానికి చేతులు మంట, కళ్లు మంట. తెల్లవారకముందే గంప పట్టుకుని ఇప్పపువ్వు ఏరుకొచ్చేదీ ఆడవాళ్లే. ఎండలు ముదిరాక భూపాలపల్లి అడవుల్లో తునికాకు కోసి, 50 ఆకులకో కట్ట చొప్పున కట్టేదాంట్లోనూ వాళ్ల చెయ్యే ఎక్కువ. కానీ వాళ్లు షికారుకు వెళ్లారా? కూలికి వెళ్లారు. వాళ్లకు ఆకాశం కింద చోటుంది, తలెత్తి చూసే తీరిక లేదు. మనకు కాస్తో కూస్తో తీరిక దొరికినా ఆకాశం కింద చోటు లేదు. వాళ్ల పేరు చెప్పి మన నోరు మూయించడం న్యాయం కాదు. వాళ్లకూ ఒక పూట ఊరికే కూర్చునే వీలుండాలని అడగడం న్యాయం.

మన జిల్లాల ఆడవాళ్లకు గడప దాటడం చేతకాదా అంటే అదీ కాదు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన సాగు భూమి కోసం, తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌నే ఎదిరించి నిలిచింది. ఇవాళ ఆమె విగ్రహాలకు దండలు వేస్తున్నాం. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు వెళ్తామంటే ఇంటిల్లిపాదీ సాగనంపుతారు. చూశారా తమాషా! గడప దాటిన ఆడది పోరాడితే గర్వం. మొక్కు తీర్చుకుంటే పుణ్యం. కూలికి వెళితే ఒప్పుదల. సంతోషం కోసం వెళితే మాత్రం తప్పు!

ఇక అందరూ కలిసి వెళ్లే వనభోజనాల సంగతి. ముందురోజు రాత్రి చింతపండు నానబెట్టేది మనం. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపేది మనం. మామిడితోటలో చాపలు పరిచి వడ్డించేది మనం. అటు మగవాళ్లు పేకముక్కలు పంచుకుంటుంటే ఇటు మనం గిన్నెలు, గరిటెలు లెక్కపెట్టుకుంటాం. తిరిగొచ్చాక అంట్లు కూడా మనవే. దీన్ని షికారంటారా? వంటింటిని బండెక్కించి చెట్టు కింద దింపడం అంటారు. వనంలో భోజనం ఉంది, భోజనంలో వనం లేదు. నా మాట వినండి. ఈసారి తలా రెండు జొన్నరొట్టెలు, ఒక సీసాలో ఊరగాయ, మంచినీళ్లు. అంతకు మించి ఏదైనా కావాలన్నవాళ్లు వాళ్లే వండి తెచ్చుకోవాలి. వడ్డన వంతు మగవాళ్లది.

“ఎండ కదా” అంటారు. ఉదయం ఆరింటికి ఎండ ఎక్కడిది? పదింటికల్లా ఇంటికి రావచ్చు. “ఖర్చు కదా” అంటారు. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బులే లేవు. కండక్టరు అడగని లెక్క ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు! “చూడ్డానికి ఏముంది?” అంటారు. భూపాలపల్లి వాళ్లకు గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్నాయి. రేగొండ వైపు పాండవుల గుట్టల్లో ఆదిమానవుడు రాళ్ల మీద వేసిన బొమ్మలు ఉన్నాయి. గుహ గోడ మీద బొమ్మ వేసినవాళ్లను ఎవరైనా “ఏం పని మీద వేశారు?” అని అడిగారో లేదో మరి! జనగామ వాళ్లకు పాలకుర్తి గుట్ట ఉంది, పోతన పేరుతో ముడిపడ్డ బమ్మెర ఉంది. మహబూబాబాద్ వాళ్లకు పొరుగు జిల్లాలోనే పాకాల చెరువు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అంటే పదమూడో శతాబ్దంలో తవ్వించింది. దాని కట్ట మీద నడవడానికి ఏ మొక్కూ అక్కర్లేదు. “తోడెవరు?” అంటారు. ఇది మాత్రం సరైన ప్రశ్నే. నలుగురం కలిసి వెళితే ఒకరికొకరం తోడు.

బయటికి వెళ్లలేని రోజున బయటే ఇంటికి వస్తుంది. దాని పేరు పెరడు. ఆ పెరటిని మనం ఏం చేస్తున్నాం? మట్టి అంటుతుందని, చెత్త పడుతుందని గోడ నుంచి గోడకు సిమెంటు పోయిస్తున్నాం. వానపడితే నీళ్లు ఇంకవు, ఎండకాస్తే అర్ధరాత్రిదాకా సెగ చల్లారదు. ఇంకా మిగిలిన జానెడు మట్టిలోనూ మొక్కలకు ఉద్యోగాలిస్తున్నాం. కరివేపాకు తాలింపుకు, తులసి పూజకు, మందారం దేవుడికి. ఏ ఉద్యోగమూ లేని మొక్కకు “దండగ” అని పేరు. మన మీద ప్రయోగించే కొలతబద్దనే మనం పాపం మొక్కల మీద ప్రయోగిస్తున్నాం.

అలాగని కూరగాయలు వద్దనడం లేదు. బచ్చలి, గోంగూర, తోటకూర ఎండలకు తట్టుకుంటాయి. వేసుకోండి. మొదళ్లలో ఎండుటాకులు కప్పితే తేమ త్వరగా ఆరదు. స్నానాల నీళ్లు అరటి పాదుకు మళ్లించండి. నీళ్లు తెల్లవారిగానీ సందెవేళగానీ పోయండి. కానీ ఒక్క మల్లెపాదు మాత్రం మీ కోసం పెట్టుకోండి. పుష్యమాసంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించి మళ్లీ పోస్తే ఎండకాలానికి మొగ్గలతో విరగబూస్తుంది. ఆ మొగ్గల్లో దేవుడి వాటా దేవుడికి, జడ వాటా జడకు. మిగిలినవి చెట్టు మీదే ఉండనివ్వండి. సందెవేళ పక్కన పీట వేసుకుని కూర్చోండి. చేతిలో చాట ఉండకూడదు! భూపాలపల్లి సింగరేణి క్వార్టర్ల ముందున్న కాస్త జాగాలోనైనా, జనగామలో అద్దె ఇంటి డాబా మీద పగిలిన బక్కెట్లోనైనా ఈ మాత్రం సాధ్యమే.

పక్కింటి పెరడు చూడ్డం కూడా ఒక షికారే. బ్రిటన్‌లో ఈ మాటను ఎంత పెద్దది చేశారో వినండి. 1927లో ఇంగ్లండు, దాని పక్కనున్న కొండసీమ వేల్స్‌లలో 600 పైచిలుకు ఇళ్లవాళ్లు తమ తోటల తలుపులు తెరిచారు. తలకు ఒక షిల్లింగు ఇచ్చి ఎవరైనా లోపలికి వచ్చి చూడొచ్చు. వచ్చిన డబ్బు ఊళ్లలో రోగులకు సేవచేసే నర్సుల నిధికి వెళ్లింది. ఆ ఏర్పాటు ఇప్పటికీ ఏటా నడుస్తూనే ఉంది. పూలు చూసి మురవడం దండగ పని అన్నవాళ్లకు ఇంతకన్నా ఏం చెప్పాలి? మనకు షిల్లింగులూ వద్దు, బోర్డులూ వద్దు. చైత్రమాసంలో ఒక్కో ఆదివారం ఒక్కో ఇంటి పెరడు. టీ ఇంటాయన పెడతారు. తిరిగి వెళ్లేటప్పుడు తలా ఒక కొమ్మ, గుప్పెడు విత్తనాలు.

ఇదంతా ఒక్కసారిగా జరిగిపోతుందని నేను అనుకోవడం లేదు. మొదటి వారం నవ్వుతారు. రెండో వారం “మళ్లీనా?” అంటారు. మూడో వారానికి కాఫీ పొడి ఎక్కడుందో వాళ్లే వెతుక్కుంటారు. హక్కులన్నీ అలాగే అలవాటవుతాయి. అడిగి తెచ్చుకున్నవాటి కన్నా వాడుకుంటూ నిలబెట్టుకున్నవే ఎక్కువ.

కారం డబ్బా ఎక్కడికీ పోదు. చింతపండు గింజ రేపు తీసినా వస్తుంది. మోదుగ మాత్రం మన పనులు తెమిలేదాకా ఆగదు, కొద్దివారాల్లో రాల్చేసుకుని మళ్లీ ఏడాదికి గానీ పూయదు. చెప్పులు వేసుకోండి.