ఇంగ్లీషు వాక్యంలో తప్పు ఎక్కడ దాక్కుంటుంది?

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్న మన సీనియర్లను అడిగి చూడండి. లెక్కలకు భయపడరు, రీజనింగ్‌కు భయపడరు. ‘స్పాటింగ్ ఎర్రర్స్’ అనగానే ముఖం చిన్నబోతుంది. ఒక వాక్యాన్ని మూడు నాలుగు ముక్కలు చేసి ఇస్తారు. తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పాలి. ఎక్కడా లేకపోతే ‘నో ఎర్రర్’ అని గుర్తు పెట్టాలి. మనవాళ్ళు నాలుగుసార్లు చదివి, వినడానికి బాగానే ఉంది కదా అని ‘నో ఎర్రర్’ పెట్టేసి వస్తారు. వినడానికి బాగుండడమే అక్కడ అసలు చిక్కు. మన చెవి తెలుగు చెవి!

దీనికి మనకు దొరికే సలహా ఒక్కటే: “తెలుగు మర్చిపోండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి” అని. ఈ సలహాతో నేను ఏకీభవించను. ఇంట్లో గానీ, వాడలో గానీ, పొలంలో గానీ ఇంగ్లీషు మాట వినపడని పిల్లవాడు రాత్రికి రాత్రి ఇంగ్లీషులో ఎలా ఆలోచిస్తాడు? తెలుగును మర్చిపోనక్కర్లేదు, పక్కనే పెట్టుకోవాలి. తప్పు ఎక్కడ దొర్లుతుందో చాలాసార్లు తెలుగే చూపిస్తుంది.

‘నుంచి’ అనే మాటనే తీసుకోండి. “మా అన్నయ్య ఐదేళ్ళ నుంచి హైదరాబాదులో ఉంటున్నాడు” అంటాం. “సోమవారం నుంచి జ్వరం” అనీ అంటాం. మనకు రెండింటికీ ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషులో అలా కాదు. ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’, ఎంతకాలమైందో చెబితే ‘ఫర్’. ఇది తెలియక ‘హీ ఈజ్ లివింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనేస్తాం. ఇందులో తప్పులు రెండు. ‘సిన్స్’ ఒకటి. ‘ఉంటున్నాడు’ అని ఉంది కాబట్టి ‘ఈజ్ లివింగ్’ అనడం రెండోది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ‘హ్యాజ్ బీన్ లివింగ్’ కావాలి. ‘హ్యాజ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్నమాట.

‘కంటే’ కూడా ఇలాంటిదే. “నా కంటే సీనియర్” అంటాం కాబట్టి ‘సీనియర్ దేన్ మీ’ అని వచ్చేస్తుంది. లాటిన్ నుంచి వచ్చిన సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ మాటల తర్వాత ‘దేన్’ రాదు, ‘టు’ వస్తుంది. “అతనితో పెళ్ళి” అన్నా సరే ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’. మన ‘కదా’ అయితే ఎక్కడైనా ఇమిడిపోతుంది. అందుకని ‘యు ఆర్ కమింగ్, ఈజంట్ ఇట్?’ అంటాం. అక్కడ ఉండాల్సింది ‘ఆరంట్ యు?’

ఇక తెలుగును తలుచుకుని ఉంటే అసలు జరగని తప్పులు కొన్ని ఉన్నాయి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అంటుంటారు. “నా స్నేహితుడిలో ఒకడు” అని ఎవరైనా అంటారా? “స్నేహితుల్లో ఒకడు” అంటాం. కాబట్టి ‘ఫ్రెండ్స్’. అలాగే ‘డిడ్ నాట్ వెంట్’. “వెళ్ళాడులేదు” అని పసిపిల్లవాడైనా అనడు, “వెళ్ళలేదు” అంటాడు. ఇంగ్లీషులోనూ అంతే. ‘డిడ్’లోనే భూతకాలం ఉంది, పక్కన ‘గో’ చాలు.

ఎ, ఆన్, ది విషయంలో మాత్రం తెలుగు సాయపడదు. అలాంటివి మనకు లేవు. అవి బాగా చదివి, చదివి పట్టుకోవాల్సిందే. ‘ఎ’, ‘ఆన్’ల దగ్గర అక్షరాన్ని కాక శబ్దాన్ని చూస్తే సగం గొడవ తీరుతుంది. ‘ఎ యూనివర్సిటీ’, కానీ ‘ఆన్ ఎమ్మెల్యే’.

మిత్రులారా, నాకు బాధ కలిగించేది తప్పులు కాదు, నవ్వులు. క్లాసులో ఒకడు లేచి ‘డిడ్ నాట్ వెంట్’ అంటే వెనక బెంచీలోంచి నవ్వు వినబడుతుంది. నవ్వినవాణ్ణి లేపి ఎందుకు తప్పో చెప్పమంటే చెప్పలేడు. నవ్వించుకున్నవాడు ఆ ఏడాదంతా నోరు విప్పడు. నోరు విప్పనివాడి తప్పును ఎవరు దిద్దుతారు? పైగా నవ్వే ప్రతి మాటా తప్పు కాదు. మనదేశంలో ఎక్కువగా వాడే ‘ప్రీపోన్’ అనే మాటను ఒకప్పుడు వెక్కిరించారు. ఈనాడు అది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది.

కాబట్టి నా సూచన ఇది. రాత్రి స్టడీ అవర్ చివర పదిహేను నిమిషాలు దీనికి కేటాయిద్దాం. వార్డెన్ గారు ఒక పాత బోర్డు ఇప్పిస్తే చాలు. రోజుకొక తప్పు వాక్యం, దాని కింద తెలుగు వాక్యం రాద్దాం. చిన్న తరగతి తమ్ముళ్ళు ముందు చెప్పాలి, డిగ్రీ వాళ్ళు ఆఖరున. తప్పు పట్టుకుంటే సరిపోదు, ఆ తప్పు ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. మొదటి రోజు వాక్యం నేనే ఇస్తున్నాను: ‘వీ డిస్కస్డ్ అబౌట్ ది మెస్ మెనూ విత్ ది వార్డెన్.’ “మెనూ గురించి” అని తెలుగులో రాసుకుని చూడండి. ‘నో ఎర్రర్’ మాత్రం అనకండి!