టిక్ మార్కుల టేబుల్ చూసి యాప్ కొనకండి

ఏ సాఫ్ట్‌వేర్ వెబ్‌సైట్ తెరిచినా ఒక టేబుల్ కనిపిస్తుంది. వాళ్ల కాలమ్ నిండా గ్రీన్ టిక్‌లు, పోటీ యాప్ కాలమ్‌లో రెడ్ క్రాస్‌లు. అలాంటిది ఒకటి మా కంపెనీ బిల్లింగ్ యాప్ కోసం నేనే తయారు చేశా. ముందు 18 ఫీచర్లు రాసుకున్నాం. మేం ఓడిపోయిన 7 తీసేశాం. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు!

పెద్దతిప్పసముద్రంలో షాపు నడిపే మా అన్న ఆ టేబుల్ చూసే ఏడాది ప్లాన్ కొన్నాడు. వారానికే ఫోన్: "ఏమిరా, సిగ్నల్ లేకుంటే మీ యాప్ బిల్లే కొట్టదే?" ఆఫ్‌లైన్ మోడ్ అనే వరుస మేం తీసేసిన ఏడింట్లో ఒకటి. నా దగ్గర జవాబు లేదు.

పెద్ద కంపెనీలూ ఇంతే. 2023 డిసెంబర్‌లో జెమిని అల్ట్రాని ప్రకటిస్తూ, ఎంఎంఎల్‌యూ టెస్ట్‌లో తమకి 90 శాతం, జీపీటీ-4కి 86.4 అని గూగుల్ చూపించింది. కానీ రెండు స్కోర్లకీ పద్ధతి వేరు. జెమిని ఒక్కో ప్రశ్నకి 32 సార్లు ప్రయత్నించి జవాబు ఎంచుకుంది. జీపీటీ-4ది 5 ఉదాహరణలు ఇచ్చి అడిగినప్పటి స్కోర్. గూగుల్ సొంత రిపోర్ట్‌లోనే చూడండి: రెండింటికీ 5 ఉదాహరణల పద్ధతి పెడితే జెమినికి 83.7 మాత్రమే. రెండింటికీ 32 సార్ల పద్ధతి పెడితే జెమినీనే ముందుంది, కానీ తేడా 3 పాయింట్ల లోపే.

2025 ఏప్రిల్‌లో మెటా లామా 4 మావరిక్ కథా అదే. ఎల్ఎం అరీనాలో రెండో స్థానం కొట్టింది చాట్ కోసం ట్యూన్ చేసిన ఎక్స్‌పెరిమెంటల్ వెర్షన్. మనకి డౌన్‌లోడ్‌కి ఇచ్చింది వేరేది.

"షరతులు చిన్న అక్షరాల్లో రాశారు కదా?" అంటారేమో. రాశారు. పెద్ద అక్షరాల్లో నంబర్ వేసింది మాత్రం ఆ చిన్న అక్షరాలు మనం చదవమనే నమ్మకంతోనే.

మదనపల్లె మార్కెట్‌లో టమాటా కొనేవాళ్లు బాక్స్ పైవరస చూసి రేటు కట్టరు, చెయ్యి లోపలికి పెట్టి చూస్తారు. మనమూ అంతే చేయాలి. ఏ వెర్షన్‌తో పోల్చారు? రెండింటికీ ఒకే సెట్టింగ్స్ పెట్టారా? నాకు రోజూ కావాల్సిన పని టేబుల్‌లో ఉందా? ఉన్నా సరే, ముందు ఫ్రీ ట్రయల్. మీ ఫోన్‌లో, మీ ఊరి సిగ్నల్‌లో, మీ పనితో. ఆ తర్వాతే డబ్బు కట్టండి.