సైకిలిచ్చారు సరే, పానా ఏదీ?

కుక్కర్ విజిల్ రాకపోతే ఏం చేస్తాం? మూత తీసి గాస్కెట్ చూసుకుంటాం. కుట్టుమిషన్ పట్టేస్తే? షటిల్ విప్పి, ఇరుక్కున్న దారప్పోగులు లాగేసి, నాలుగు చుక్కల నూనె వేసి మళ్లీ బిగిస్తాం. స్టవ్ మంట సరిగ్గా రాకపోతే బర్నర్ కన్నాలు పిన్నీసుతో పొడుచుకుంటాం. వీటిలో దేనికీ మగదిక్కు కోసం ఎదురుచూడం. అదే సైకిల్ చైను ఊడిందనుకోండి, ‘‘అన్నయ్య రానీ’’, ‘‘నాన్నకి చెబుదాంలే’’ అంటూ బండిని గోడకి ఆనిస్తాం. మిషన్ షటిల్ విప్పగలిగిన చేతులకి సైకిల్ చైను అంత బరువైపోయిందా?

నేనుండేది ఆటోనగర్ పక్కనే కాబట్టి ఈ ప్రశ్న నన్ను మరీ వేధిస్తుంటుంది. 1960ల్లో మొదలైన మన బెజవాడ ఆటోనగర్ సంగతి చెప్పేదేముంది? లారీ బాడీలు కట్టడం, కమాను కట్టలు, లేతు పని, వెల్డింగు, రంగులు, టైర్లు... ఒట్టి ఛాసిస్ తెచ్చి అప్పగిస్తే లారీ చేసి పంపిస్తారు. ఆసియాలోనే పెద్దదని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు కూడా. అయితే గేటు దాటి ఎన్ని వీధులు తిరిగినా పానా పట్టిన ఆడమనిషి కనిపించడం అరుదు. తండ్రి రోజంతా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తాడు, కూతురికి తన సైకిల్ సీటు ఓ అంగుళం పైకి జరుపుకోవడం రాదు. రాదు అనకూడదేమో, ఎవరూ నేర్పలేదు అనాలి.

ఈమధ్య మా చెల్లెలి కూతురు ట్రయథ్లాన్ మొదలుపెట్టింది. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పోటీ అన్నమాట. మన కరణం మల్లీశ్వరి కాంస్య పతకం తెచ్చిన 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే ఈ ఆటని తొలిసారి చేర్చారు. అందులోనూ ముందు జరిగింది ఆడవాళ్ల పోటీయే. ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ పోటీలో ఇంకా ఎక్కువ. ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. మనకి కొండలు తక్కువ, బందరు రోడ్డు చదును. తెల్లవారుజామునే లేచి సాధన చేసుకుంటోంది.

అసలు ట్రయథ్లాన్ సైకిళ్ల ధర లక్షల్లో ఉంటుంది. మా అమ్మాయి సెకండ్‌హ్యాండ్‌లో ఓ రేసు సైకిల్ కొనుక్కుని, హ్యాండిల్‌కి ముందువైపు రెండు కడ్డీలు బిగించుకుంది. వాటిమీద మోచేతులు ఆనించి వంగి తొక్కుతుంది. వేగం పెరిగేకొద్దీ మన శక్తిలో ఎక్కువ భాగం ఎదురుగాలిని తోయడానికే పోతుందట, వంగితే ఆ భారం తగ్గుతుంది. ఊరికే వంగితే తొడలు పొట్టకి తగిలి ఊపిరాడదు కాబట్టి సీటుని కాస్త ముందుకీ పైకీ జరుపుతారు. అప్పుడే దిగాక పరిగెత్తడానికి కాళ్లలో సత్తువ మిగులుతుంది. మనిషిని బట్టి సైకిల్ మారాలిగానీ సైకిల్‌ని బట్టి మనిషి వంకర తిరక్కూడదన్నది వాళ్ల మొదటి సూత్రం.

ఆ సీటు సరిచేయించడానికి ఇద్దరం ఓ షాపుకి వెళ్లాం. సైకిల్ పట్టుకుని నుంచున్నది పిల్ల. షాపతను మాత్రం నావైపు తిరిగి, ‘‘సీటు పెంచితే కాళ్లందవమ్మా, ఆడపిల్ల పడిపోద్ది. ఇంట్లో బాబుగారెవరైనా ఉంటే పంపించండి, మాట్లాడతాను’’ అన్నాడు. ‘‘అందాల్సింది నేలకి కాదండీ, పెడలుకి. ఆ పానా ఇటివ్వండి’’ అని తనే బిగించుకుంది. వస్తూ వస్తూ, ‘‘పోటీలో దారిమధ్య పంచరైతే బయటివాళ్లెవరూ చెయ్యి వెయ్యకూడదు పెద్దమ్మా. నా తిప్పలు నేనే పడాలి’’ అంది. ఆ నియమం మనందరికీ ఉంటే ఎంత బావుణ్ణు అనిపించింది నాకు.

సీటు ఎంత ఎత్తుండాలి?

ఇదేదో పోటీలకి వెళ్లేవాళ్ల గొడవలే అనుకోకండి. కాలేజీకి, ట్యూషన్‌కి, కూరగాయలకి తొక్కే మామూలు సైకిల్‌కీ ఇదే వర్తిస్తుంది. కూర్చుంటే రెండు పాదాలూ నేలమీద ఆనాలని మనవాళ్లు సీటుని అడుగుకి దించేస్తారు. దాంతో మోకాళ్లు పూర్తిగా మడిచి తొక్కాల్సి వస్తుంది. రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి మోకాళ్లు లాగుతాయి. ‘‘సైకిల్ నాకు పడదండీ’’ అని పిల్ల మానేస్తుంది. పడనిది సైకిల్ కాదు, సీటు!

కొలత చాలా తేలిక. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని సీటుమీద కూర్చోండి. పెడలు బాగా కిందికి ఉన్నప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా సాగాలి. తొక్కేటప్పుడు మడమ కాకుండా పాదం ముందుభాగం పెడతాం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అంతే కావలసింది. ఆగేటప్పుడు సీటులోంచి ముందుకి దిగి కాలు ఆనించడం అలవాటు చేసుకోవాలి. భయమైతే రోజుకి అర అంగుళం చొప్పున పెంచుకోండి. సీటు గొట్టంమీద ఓ గీత ఉంటుంది, అది బయటికి కనబడేంత పైకి మాత్రం లాగకూడదు. ఆడవాళ్ల కూర్చునే ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ కాబట్టి వెనక కాస్త వెడల్పున్న సీటు సుఖంగా ఉంటుంది.

అలంకారాలు కావు, అవసరాలు

ఆడపిల్ల సైకిల్ అనగానే షాపులో మొదట చూపించేది గులాబీరంగు, హ్యాండిల్‌కి వేలాడే కుచ్చులు. వద్దనను, ముచ్చట ముచ్చటే. కానీ మా అమ్మాయి సైకిల్‌కి ఉన్నవేమిటో చూడండి. చేతికందేచోట నీళ్ల సీసా. సీటు కింద చిన్న సంచి. అందులో ఓ ట్యూబు, రెండు టైరు లీవర్లు, అరచెయ్యంత పంపు, మడత ఆలెన్ కీలు. మన సైకిల్‌కీ ముందు కావలసినవి అలాంటివే. చున్నీ, చీరకుచ్చిళ్లు చిక్కకుండా చైనుకి కవరు, వెనక చక్రానికి వల. గంట, ముందు లైటు, వెనక ఎర్రలైటు. ఇంట్లో ఓ గాలిపంపు. ప్యాచీలు, సొల్యూషన్, ఉప్పుకాగితం ఉన్న చిన్న డబ్బా. పంపు మినహా ఆ డబ్బా సామానంతా కలిపినా ఇద్దరు హోటల్లో టిఫిన్ చేసినంత ఖర్చు కాదు.

వారానికి పది నిమిషాలు

ఆదివారం తలంటుకునే ముందు సైకిల్ పని చూసుకోండి, ఎలాగూ చేతులు నల్లబడతాయి. గాలి, బ్రేకు, చైను, ఈ మూడూ చూస్తే చాలు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది. రేసు సైకిళ్ల సన్నటి టైర్లకి 80 నుంచి 100 పౌన్లు పడుతుంది, మన మామూలు వాటికి దాదాపు సగం చాలు. బ్రేకు నొక్కితే పిడి హ్యాండిల్‌కి తగలకూడదు, తగిలితే తీగ వదులైందని గుర్తు. రబ్బర్లు రిమ్ముమీదే పడాలి, టైరుని రాయకూడదు.

చైనుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక లింకుకో చుక్క నూనె వేసి, నాలుగుసార్లు తిప్పి, పైన మిగిలింది మళ్లీ తుడిచెయ్యాలి. తుడవకపోతే దుమ్మంతా పట్టేస్తుంది. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. మిషన్ నూనె మరీ పల్చన, త్వరగా పోతుంది. సైకిల్ చైను ఆయిల్ చిన్న సీసా కొంటే చాలాకాలం వస్తుంది. రిమ్ముకి, బ్రేకు రబ్బర్లకి మాత్రం నూనె తగలనివ్వకండి. పిల్లల స్కేలుతో చైను అరుగుదల కూడా చూడొచ్చు. ఒక మేకు దగ్గర సున్నా పెట్టి కొలిస్తే 12 అంగుళాల గీతమీద సరిగ్గా ఇంకో మేకు రావాలి. అంగుళంలో పదహారోవంతు దాటి పక్కకి జరిగిందంటే చైను మార్చాలి. ఆలస్యం చేస్తే పళ్ల చక్రాలు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది.

ఇంకోమాట. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. ఎడమకి తిప్పితే బిగుస్తుంది, కుడికి తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక ఎంతోమంది బలమంతా పెట్టి తిప్పి, ‘‘ఇది ఆడవాళ్ల వల్ల కాదమ్మా’’ అని వదిలేస్తారు. నిజానికి ఏ పహిల్వాన్ వల్లా కాదు!

ఇక మా ఆటోనగర్ రోడ్లమీద మేకులు, ఇనప రజను కొదవలేదు కాబట్టి పంచరు తప్పదు. ట్యూబుకి గాలికొట్టి నీళ్లలో ముంచితే బుడగలొచ్చేచోట కన్నం. అక్కడ తడి తుడిచి, గీరి, సొల్యూషన్ రాసి, తడారేదాకా ఆగి ప్యాచీ అతికించాలి. మళ్లీ ఎక్కించేముందు టైరు లోపల ఓ గుడ్డతో తడిమి, ముల్లో మేకో ఉంటే తీసెయ్యాలి. ఇది మరిచిపోతే వేసిన పంచరు మళ్లీ పడుతుంది. కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో ఏకంగా లారీ టైర్లకే పంచర్లు వేసే ఒక మహిళ గురించి 2021లో పత్రికల్లో వచ్చింది. లారీ టైరు ఎక్కడ, మన సైకిల్ టైరు ఎక్కడ!

ఇంత చెప్పడం ఎందుకంటే, సైకిల్ ఆగిపోతే చదువు ఆగిపోయే పిల్లలున్నారు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. హైస్కూలు చదువులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారనీ, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందనీ తర్వాత ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు పంచారు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాదిమంది పల్లె ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లే తొక్కారు. ముందు కడ్డీమీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే కోరుకున్నవాళ్లూ ఉన్నారు. తమ అవసరం ఏమిటో వాళ్లకి తెలుసు.

కానీ సైకిల్ ఇచ్చినవాళ్లు దాంతోపాటు ఓ పానా, ఓ పంపు ఇచ్చి, ఓ గంట కూర్చోబెట్టి వాడకం నేర్పితే ఎంత బావుండేది! పంచరైన సైకిల్ పెరట్లో తుప్పు పట్టడం మీరూ చూసే ఉంటారు. ‘‘ఇప్పుడంతా స్కూటీలే కదండీ’’ అంటారా? స్కూటీ కొనలేని ఇళ్లు మన చుట్టూ బోలెడు. ‘‘మెకానిక్‌ల పొట్ట కొట్టమంటారా?’’ అని ఇంకొకరు అడిగారు. చక్రం వంకర తీయడం, బేరింగులు మార్చడం వాళ్ల పనే, మనకి చేతకాదు కూడా. రోజువారీ వంట మనం చేసుకుంటే వంటవాళ్ల పెళ్లి బేరాలు పోతున్నాయా ఏమిటి?

అందుకే పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు నెలకో పీరియడు సైకిల్ రిపేరుకి కేటాయించమని అడగండి. నేర్పేవాళ్లు ఆటోనగర్‌లో కావలసినంతమంది ఉన్నారు. బళ్లోవాళ్లు పిలిస్తే కాదనరు. మేనకోడలికో, పనమ్మాయి కూతురికో సైకిల్ కొనిస్తే, దాంతోపాటు ఆ రిపేరు డబ్బా కూడా చేతిలో పెట్టండి. అన్నిటికంటే ముందు, ఈ ఆదివారం మీ పిల్లని పిలిచి సైకిల్ సీటు సరిచేయించండి. మీరు మాత్రం సైకిల్ పట్టుకోండి చాలు, పానా తన చేతిలోనే ఉండనివ్వండి.