తుపాకి బొమ్మయే చరిత్రమా?

రహస్యోద్యమముల నడుమ మసలిన ఛాయాగ్రాహకుని గూర్చి మన పత్రికలయందును, చిత్రప్రదర్శనశాలలయందును, సాహిత్యసభలయందును చిరకాలముగా చలామణి యగుచున్న యభిప్రాయ మొక్కటి కలదు. మెడలో కెమెరా తగిలించుకొని, వాగులు దాటి, ఏటూరునాగారపు టడవులలోనికో గూడూరు, కొత్తగూడ ప్రాంతపు గుట్టలలోనికో పోయి, దళముతో నాలుగు రాత్రులు గడపి, భుజమున తుపాకియు నుదుట చెమటయు గల యువతీయువకుల బొమ్మలు తీసి తెచ్చినవాడే ఆ లోకమునకు ప్రామాణికుడైన సాక్షి యనియు, జనగామలోనో మహబూబాబాదులోనో భూపాలపల్లి గని కాలనీ మొగదలనో స్టూడియో తెరచి కూర్చుండి పాస్‌ఫోటోలతో పొట్టపోసికొన్నవాడు వట్టి వర్తకుడనియు, వానికి కళతోగాని చరిత్రతోగాని ప్రసక్తి లేదనియు దాని సారాంశము. ఇది తలక్రిందులైన తీర్పని నా వాదము.

ముందుగా ఈ యభిప్రాయమునకు ఆదిపురుషుడుగా ప్రతిష్ఠింపబడిన మహనీయుని సంగతి చూతము. 1918లో అస్సాములోని దిబ్రూగఢ్‌లో జన్మించిన సునీల్ జానా, 1943 నాటి వంగదేశపు క్షామమును కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషి వెంట, చిత్రకారుడు చిత్తప్రసాద్ తోడుగా తిరిగి లోకమునకు చూపినవాడు. అటుపిమ్మట తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటపు మనుష్యులను, తుపాకులు పట్టిన స్త్రీలను సైతము, తన కెమెరాలో నిలిపినవాడు. ఆయన ప్రతిభను శంకించు సాహసము నాకు లేదు. ఆ బొమ్మలే లేకున్న మన మెంత దరిద్రుల మగుదుమో ఎరుగుదును. అయినను ఆ బొమ్మలు పార్టీ పత్రికల కొరకు పుట్టినవి. దూరదేశమందలి పాఠకునకు ఉద్యమముపై గౌరవము కలిగించుట వాని విధి, ఆ విధిని అవి చక్కగా నెరవేర్చినవి. దోషమంతయు వానిని ఆ విధినుండి తప్పించి, చరిత్రపీఠమున కూర్చుండబెట్టి, ఇక వేరొక సాక్ష్యముతో పనిలేదని చేతులు దులుపుకొన్న తరువాతివారిది.

1986లో స్త్రీశక్తి సంఘటనవారు ఆ పోరాటమున పాల్గొన్న స్త్రీల నోటిమాటలను సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథముగా ప్రకటించినప్పుడు, ఆ తుపాకి బొమ్మలో పట్టని దంతయు బయటపడెను. చూలాలై అడవిలో తిరుగుట, కన్నబిడ్డను పరులచేత పెట్టి కదలిపోవుట, ఆకలి, అనుమానపు చూపులు, 1951 అక్టోబరులో పోరాటమును విరమించిన పిదప ఇక ఇండ్లకు పొండని చెప్పించుకొని పొయ్యిముందు కూర్చుండుట — వీనిలో దేనికిని ఛాయాచిత్రము లేదు. తుపాకి పట్టిన నిమిషమును కెమెరా చూచినది; తుపాకి దింపిన తరువాతి ముప్పదియైదేండ్ల కాలమును అది చూడలేదు. కావున ఆ బొమ్మనే పట్టుకొని ఆ స్త్రీల జీవితమును చదువబూనువాడు శీర్షిక చదివి గ్రంథము చదివితిననుకొను పాఠకునివంటివాడు.

ఇక ఈ గడ్డపై జ్ఞాపక మెట్లు నిలిచినదో గమనింపుడు. 1946 జూలై 4వ తేదీన జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నిమిషపు ఛాయాచిత్రమేదియు మనకు దక్కలేదు. విసునూరు దేశముఖు అండగలవారితో భూమికై కోర్టులకెక్కి గెలిచి, ఆ గెలుపునకే హతుడైన షేక్ బందగీని కామారెడ్డిగూడెపు జనులు సమాధిచేతను, దానిచుట్టు అల్లుకొనిన కథలచేతను గుర్తుంచుకొనిరి. ఈ జ్ఞాపకములను కాచిన ధిక్కార సంస్కృతి యనగా పడమటినుండి దిగుమతియైన సరకని తలచువారు ఒక్కమారు పాలకుర్తికి పోయి రావలయును: పండితుల మర్యాదను త్రోసిపుచ్చి ద్విపదను, జానుతెనుగును చేపట్టి, రాజాస్థానముల నెరుగని భక్తుల కథలు చెప్పిన కవి పాల్కురికి సోమనాథుని ఊరది, ఏడువందల యేండ్లకు పిమ్మట చిట్యాల ఐలమ్మ తన పంటకై దేశముఖునకు ఎదురు నిలిచినదియు అక్కడనే. గోడలపైనను విగ్రహములయందును మనమెక్కువగా చూచు ఐలమ్మ వృద్ధురాలైన ఐలమ్మ. పంట యింటికి చేర్చుకొన్ననాటి మొగము మనమెరుగము. ఎరుగకున్నను ఆమె పేరు చెరగలేదు.

తరువాతి కాలపు సంగతి వేరు. నక్సలైటు ఉద్యమము జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో వ్రేళ్లూని, ఇంటికొక పిల్లవాడో పిల్లయో ‘లోపలికి’ పోవుట మొదలైన యేండ్లలో, మారుమూల పల్లెకు సైతము ఛాయాచిత్రము చేరియుండెను. అయితే అది బడి యావరణలో పదవ తరగతివారందరును మూడు వరుసలుగా దిగిన గ్రూపు ఫోటో. పిల్లవాడు పదునెనిమిదేండ్లకో ఇరువదేండ్లకో వెడలిపోవును. ఆ తరువాత ఎన్ని యేండ్లకో ఒకనాటి యుదయమున జిల్లా పత్రిక లోపలిపుటలో, ఎదురుకాల్పులలో మరణించినవారిలో గుర్తుపట్టబడని శవమని యొక మొగము అచ్చగును. గుర్తుపట్టిన తలిదండ్రులు వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికో మరియొక చోటికో పరుగెత్తుదురు. ఈ రెండు బొమ్మలకు నడుమ గడచిన కాలమునకు ఇంటివారియొద్ద ఆనవాలు ఉండదు.

ఆ రెండు బొమ్మలను తీసినవాడు తరచుగా ఒక్కడే. బడికి వచ్చి గ్రూపు ఫోటో తీసినది పట్టణపు స్టూడియోవాడు. పోలీసుల పిలుపుపై శవము మొగమును తీసినదియు ఆ వృత్తివాడే. పిమ్మట మూడవ బొమ్మకై ఇంటివారు వానియొద్దకే పోదురు. చెమటకు మెత్తబడిన గ్రూపు ఫోటోను కాగితములో చుట్టి తెచ్చి, రెండవ వరుసలో నిలుచున్నవానిని వ్రేలితో చూపి, గీ మొఖమొక్కటి పెద్దగ జేసియ్యి అందురు. ఆ బొమ్మను గోడకానించి, రెండు ప్రక్కల దీపములు పెట్టి, మరల కెమెరాతో తీసి, కంటికానని ఆ ముఖమును ఎన్‌లార్జరు క్రింద గోడకు తగిలింపదగినంత పెంచినప్పుడు అది ముఖముగా నుండదు, చుక్కల గుంపుగా విడిపోవును. అప్పుడతడు నెగటివుపై సన్నని పెన్సిలు మొనతో టచింగు చేయును. కంటిపాపకు కొంచెము వెలుగు, పెదవికి ఒక గీత, చిరిగిన కాలరుకు అంచు. హైపోలో కడిగి ఆరవేసిన ఆ పటమునకే దండ పడును, స్మారకసభలో అదియే వేదికకెక్కును, 2002లో అమరుల బంధుమిత్రుల సంఘము వెలసిన పిదప ఊరూర జరిగిన సంస్మరణలలో చేతులనెత్తి పట్టినదియు అదియే. కన్నతల్లి సైతము తుదకు తన కొడుకును స్టూడియోవాని పెన్సిలు దిద్దిన మొగముతోనే తలచుకొనును. దీనిని వర్తకమని కొట్టివేయువాడు, కళ యనగా తన అభిప్రాయమేమో నాకు వివరింపవలసియున్నది.

అతడు పోలీసులకును తీసియిచ్చెను గదా యని ప్రతివాది యడుగవచ్చును. ఇచ్చెను. కాని ఆ శవచిత్రము ఎవరికి పనికివచ్చినదో చూడుడు. ఎదురుకాల్పుల మరణములపై జాతీయ మానవహక్కుల సంఘము 1997లో మార్గదర్శకములు వెలువరించినది నాటి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమువారి ఫిర్యాదుల మీదనే. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, మృతుని గుర్తించుటకై రంగుల ఛాయాచిత్రములు తీయవలెననియు, శవపరీక్షను వీడియోలో పట్టి భద్రపరుపవలెననియు ఆదేశించెను. తూటా ఎంత దగ్గరనుండి తగిలినదో, మణికట్టుపై త్రాటి యొరిపిడి కలదో లేదో తలిదండ్రుల కన్నీటిలో తేలదు, బొమ్మలో తేలును. పౌరహక్కుల సంఘపు నాయకుడును పిల్లల వైద్యుడును అయిన రామనాథమును 1985 సెప్టెంబరులో ఆయన క్లినిక్కులోనే కాల్చిచంపిన వరంగల్ నీడలో, అట్టి నెగటివొకటి బీరువాలో ఉంచుకొని నిద్రించుట సామాన్యమైన ధైర్యము గాదు. అడవికి పోయినవాడు తిరిగి హైదరాబాదో ఢిల్లీయో చేరును. స్టూడియోవాని అంగడి మరునాడును పోలీసు ఠాణా యెదుటనే యుండును.

కళావాదులు మరియొక మాట చెప్పుదురు. న్యూయార్కు నగరపు టంచులలో బ్రతికిన తన మిత్రుల సుఖదుఃఖములను నాన్ గోల్డిన్ చిత్రించి 1986లో గ్రంథముగా వెలువరింపలేదా, ఛాయాగ్రాహకుడు ఆ లోకమున మునిగినగాని సత్యము దొరకునా యని వారి ప్రశ్న. గోల్డిన్ తన బొమ్మలను మొదట స్లైడులుగా చూపినది ఆ మిత్రులకే. నచ్చనివాడు ఎదుటనే చెప్పగలడు. అడవిలో బొమ్మ దిగినవానికి ఆ యవకాశ మేది? వాని మొగము అచ్చైనచో అది వాని మెడకే చుట్టుకొనును. 2004 అక్టోబరులో శాంతిచర్చలకై మావోయిస్టు నాయకులు వెలికివచ్చినప్పుడు పత్రికలన్నియు పోటీలుపడి ఆ మొగములను ముద్రించినవి. 2005 ఆగస్టులో వారి పార్టీపై నిషేధము తిరిగి వచ్చెను, బొమ్మలు మాత్రము వెనుకకు పోలేదు. ఆ పోటీలో మేము సత్యము సేకరించుచున్నామని చెప్పుకొన్నవారు కొంచెము సిగ్గుపడియుండవలసినది.

నికరాగువా విప్లవమును తీసి లోకప్రసిద్ధి గన్న సుసాన్ మైసెలాస్, 1991లో ఇరాకు ఉత్తరమున కుర్దుల సామూహిక సమాధులను తీయబోయి, తన కెమెరాకంటె ముందే అచట బొమ్మలు కలవని గ్రహించి, ఇండ్లలోను పట్టణపు స్టూడియోలలోను దాగిన పాత ఛాయాచిత్రములను కూర్చి 1997లో కుర్దిస్తాను చరిత్రగా ప్రకటించెను. మనయొద్దను వరంగల్ బిడ్డ భరత్ భూషణ్, 2022లో కన్నుమూయువరకు, తెలంగాణ పల్లె తలుపులను, వాకిళ్లను, బతుకమ్మలను ఓపికతో తీసి, సంచలనము లేనిచోట చూపు నిలుపవచ్చునని చూపించెను. ఈ దారిని నడచినవారు అరుదు. తుపాకి బొమ్మకు లభించు చప్పట్లు వీనికి లభింపవు.

స్టూడియోవాడు ఋషి యని నేను చెప్పను. బేరమాడువాడు, పెండ్లి ఫోటోలు ఆలస్యము చేయువాడు, అందరిని ఒకే సిమెంటు రంగు తెరముందు నిలుపువాడు. ఆయా బొమ్మలను నేడే ప్రదర్శనశాలలకెక్కింపవలెననియు నేననుటలేదు. ఇంటివారి యనుమతి లేక ఒక్క మొగమునైనను గోడకెక్కించుట తగదు. తొందర వేరొకచోట కలదు. 120 నంబరు ఫిల్ములో సాధారణముగా 12 బొమ్మలే పట్టును గనుక ఆ కాలమువారు ప్రతి బొమ్మను లెక్కజూచుకొని, రిజిస్టరులో నంబరు, తేదీ, పేరు, ఊరు వ్రాసికొనెడివారు. డిజిటల్ కెమెరా వచ్చిన పిదప నెగటివు డబ్బాలు అటకలెక్కి, తేమకు ఒకదానికొకటి అంటుకొని చెడుచున్నవి. రిజిస్టరులు పాతకాగితముల తూకమునకు పోవుచున్నవి. చెడిన నెగటివునుండి సైతము నేర్పరి మొగమును కొంత రాబట్టగలడు. రిజిస్టరు లేని నెగటివులోని పిల్లవాడు ఏ యూరివాడో ఎవ్వడును చెప్పజాలడు. 2016లో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును జిల్లాకేంద్రము లైనవి. కలెక్టరేటులకు భవనములు లేచినవి. వానిలో నొక పొడిగదిని, తెలుగును ఉర్దూను చదువగల యొక గుమాస్తాను ఇచ్చినచో ముందుగా రిజిస్టరులను చేర్చవచ్చును, డబ్బాల సంగతి పిమ్మట చూడవచ్చును. అడవికి పోదలచిన ఛాయాగ్రాహకులు ఆ గదిలో కూర్చుండి పేర్లు ఎక్కించుటకును రావచ్చును.